పొగకు లెక్క కట్టిన ఇంజనీరు

తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే దారిలో ఏన్కూరు. మిర్చి రోజుల్లో సాయంత్రం కల్లంలో కాయ కుప్పజేసి పట్టా దులిపితే ఘాటు గొంతులో దిగుతుంది. అందరం మూతికి తువ్వాల చుట్టుకుంటాం. ఆ దుమ్ము కంటికి కనపడుతుంది కాబట్టి. అదే దారిలో కొత్తగూడెం దాటితే పాల్వంచ. 1960ల నుంచి అక్కడ బొగ్గు కాల్చి కరెంటు తీస్తున్నారు. చిమ్నీల నుంచి వచ్చేదాంట్లో చాలా భాగం కంటికి కనపడదు, తువ్వాలకూ ఆగదు.

కనపడని ఆ పొగకు లెక్క కట్టిన మనిషి శరత్ గుత్తికుండ. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో కెమికల్ ఇంజనీరింగ్, అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో పీహెచ్‌డీ, తర్వాత కొన్నేళ్లు ప్రపంచ బ్యాంకులో పని. లోపలికి ఎంత పోసాం, బయటికి ఎంత వచ్చింది? కెమికల్ ఇంజనీరింగ్‌లో మొదటి పాఠం ఇదే. దాన్నే ఆయన ఊళ్లకు, పొయ్యిలకు, లారీలకు, ఇటుక బట్టీలకు పట్టించారు. 2007లో ‘అర్బన్ ఎమిషన్స్’ అనే పరిశోధన బృందాన్ని మొదలుపెట్టారు. గాలి కాలుష్యానికి లెక్క కట్టేందుకు ఆయన తయారుచేసిన ‘సిమ్-ఎయిర్’ నడవడానికి పెద్ద కంప్యూటర్లు అక్కర్లేదు. మున్సిపల్ ఆఫీసులో జీతాల పట్టిక వేసుకునే ఎక్సెల్ చాలు. నా దృష్టిలో ఆయన చేసిన గొప్ప పని ఇదే.

2014లో సహ పరిశోధకురాలు పూజా జవహర్‌తో కలిసి థర్మల్ కేంద్రాల చిట్టా విప్పారు. 2010-11లో దేశంలోని 111 కేంద్రాలు 50.3 కోట్ల టన్నుల బొగ్గు కాల్చాయి. సుమారు 21 లక్షల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో కలిసింది. ఆ కేంద్రాల కాలుష్యానికి ఆ ఏడాది 80 వేల నుంచి 1.15 లక్షల మంది ఆయువు తీరకుండానే పోయారని వాళ్ల అంచనా. బూడిదను పట్టే యంత్రాలు సల్ఫర్ డయాక్సైడ్ వాయువును పట్టలేవు. గాలివాటున పోతూ పోతూ అది సన్నని సల్ఫేటు రేణువులవుతుంది. చిమ్నీ ఒక జిల్లాలో ఉంటే దగ్గు ఇంకో జిల్లాలో.

అప్పటికి మన థర్మల్ కేంద్రాల సల్ఫర్‌కు దేశంలో పరిమితే లేదు. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. 2017 గడువు పెట్టింది, మళ్లీ మళ్లీ జరిపింది. 2025లో ఎక్కువ కేంద్రాలకు మినహాయింపే ఇచ్చేసింది. ఇది చదివినప్పుడు కడుపు రగిలింది.

శరత్ బృందం మాత్రం లెక్క ఆపలేదు. జిల్లాల వారీగా రాబోయే మూడు రోజుల గాలి ఎలా ఉంటుందో ముందే చెబుతోంది, పైసా తీసుకోకుండా. ఆ లెక్కలో చిమ్నీలతో పాటు మన ఇళ్లలో కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదే అమ్మలు పీల్చే పొగ కూడా ఉంది.