పేరు పలక: ఆబిడ్సు మొదలు నాంపల్లి వరకు

హైదరాబాదు నగరమున పేటలకు పేర్లు వచ్చిన రీతులు పెక్కు. నవాబుల పేరను, బేగముల పేరను వెలసినవి కొన్ని. చెరువుల పేరను, గుట్టల పేరను నిలిచినవి కొన్ని. ఒక దుకాణము పేర వెలసిన పేట మాత్రము ఆబిడ్సు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను (1869–1911) కొలువులో ఆంతరంగిక పరిచారకుడైన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియను ఇచ్చట నొక దుకాణము నడిపెను. ఆ దుకాణము మూతపడి చాలకాలమైనది. అందలి సరకు పోయినది, కొన్నవారును పోయినారు. పేరు మాత్రము నిలిచినది. పెద్ద తపాలా కచేరికి పోవువారును, ఆదివారమునాడు పాతపుస్తకములకై పోవువారును నేటికిని ఆ పేరే పలుకుచున్నారు. అది యొకనాటి వర్తకుని బోర్డుమీది మాట యని తలచువారు అరుదు.

వర్తకుని పేరునకు, గుర్తునకు, పొట్లమునకు రూపు దిద్దు చిత్రకారుని పని యెట్టిదో, చిన్న వ్యాపారికి దాని వలన కలుగు లాభమేమో ఈ రెండు పేటలను ఆధారముగా గొని విచారింపదలచినాము.

మహబూబ్ అలీఖాను కాలముననే, 1876 జనవరి 1న, ఇంగ్లండున ట్రేడ్‌మార్కుల నమోదు ఆరంభమైనది. మొదట నమోదైన గుర్తు బాస్ అను బీరు కంపెనీవారి ఎఱ్ఱని త్రికోణము. మూడు గీతలు, ఒక రంగు, అంతే. ఇంగ్లీషు అక్షరము రానివాడును దానిని చూపి అడుగగలడు.

మన నగరమున ఈ సూత్రమును చక్కగా గ్రహించినవాడు హకీము మొయిజుద్దీన్ ఫారూఖీ. 1920లో ఆయన తయారుచేయ నారంభించిన జిందా తిలిస్మాత్ మందుపెట్టెపై ఆఫ్రికా యోధుని బొమ్మ యుండును. నగరవాసులకు ఆ రూపము అపరిచితము కాదు. నిజాముల కొలువున ఆఫ్రికను అశ్విక దళ ముండెడిది. నాంపల్లికి చేరువనున్న ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు దాని వలననే వచ్చినది. జలుబునకు, తలనొప్పికి వాడు మందు సీసాపై దేహదారుఢ్యమునకు పేరుపడిన సిపాయిని నిలుపుట ఎంత సూటియైన ఆలోచన! ఊరివారి కన్నులకు అలవాటైన రూపమును ఎన్నుకొనుటలోనే సగము పని నెరవేరినది. ఆ బొమ్మను నూరేండ్లుగా మార్చకుండుట మిగిలిన సగము.

ఇక ఉస్మానియా బిస్కత్తును చూడుడు. ఈ పేరు ఏ ఒక్కరిదియు కాదు. నాంపల్లి సుభాన్ బేకరీలో దొరకును, ఇరానీ హోటళ్లలో దొరకును, వీధిమూల కొట్టులోను దొరకును. పదిమందిది యైన పేరుతో తన సరకును గుర్తింపజేయుట యెట్లు? అప్పుడు డబ్బా మాట్లాడవలెను. దాని రంగు, మూతమీది అక్షరముల వంపు, అంచున నున్న గీత కలిసి సాక్ష్యము చెప్పవలెను. 2003లో అమలునకు వచ్చిన 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము వస్తువు ఆకృతిని, పొట్లమును, రంగుల కూర్పును సైతము గుర్తుగా అంగీకరించుచున్నది. అయితే గుర్తు ఇతరుల వానినుండి వేరుపరుపదగిన దై యుండవలెను. ఎవరైనను ఎక్కడినుండియైనను తెచ్చుకొనగల రెడీమేడు బొమ్మను అతికించుకొన్న దుకాణదారుడు పొరుగువాడు అదే అతికించినచో ఏమని ఫిర్యాదు చేయగలడు?

ఆబిడ్సు నాంపల్లుల నడుమ మొజంజాహీ మార్కెటు కలదు. దేశవిభజన పిమ్మట సింధు నుండి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో అచ్చట కరాచీ బేకరీ స్థాపించెను. విడిచివచ్చిన నగరము పేరును అంగడి నుదుట వ్రాసికొన్నాడు. ఆ రెండు మాటలలో కొంత దుఃఖ మున్నది; ఫ్రూట్ బిస్కత్తు కొనువారికి అది కనబడకపోవచ్చును. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తరువాత బెంగుళూరు శాఖ యెదుట కొందరు గుమిగూడగా, ‘కరాచీ’ అను మాటపై ముసుగు కప్పవలసి వచ్చెను. 2025 మే నెలలో శంషాబాదు శాఖ పేరు పలకపై దాడి జరిగెను. తమది 1953లో హైదరాబాదున పుట్టిన భారతీయ సంస్థ యని యజమానులు ప్రకటించుకొనవలసిన వారైరి. నిరాశ్రయుని జ్ఞాపకమును శత్రుత్వమని చదువుట అన్యాయమని మా నిశ్చితాభిప్రాయము. అయినను ఒక్కమాట: పేరు వెనుక నున్న కథను పేరుతో పాటు డబ్బామీద నాలుగు పంక్తులలో నిలుపుటయు చిత్రకారుని పనిలోనిదే. బోర్డుమీది అక్షరములు అలంకారమాత్రములని యనుకొనువారు, ఆ అక్షరముల మీదికే జనము దాడికి వచ్చిన సంగతి మరువరాదు.

నాంపల్లి నుమాయిషు ఈ విషయమున మంచి బడి. ఉస్మానియా పట్టభద్రుల సంఘమువారు 1938లో పబ్లిక్ గార్డెన్సున ఆరంభించిన ఈ ప్రదర్శన 1946లో ఇప్పటి మైదానమునకు మారినది. జనవరి 1న మొదలై సుమారు 45 దినములు జరుగును. లక్నో చికను బట్టలవారు, కాశ్మీరు శాలువలవారు వరుసగా నుందురు. సరకు ఇంచుమించు ఒకటే. నిరుడు కొన్న అంగడిని మరల వెదకు ఇల్లాలు ధర జ్ఞాపకముంచుకొనదు. ‘ఆకుపచ్చ బోర్డు, నెమలి బొమ్మ’ అని వెదకుకొనుచు పోవును.

మన ఊరి బోర్డుకు మరియొక చిక్కు కలదు. ఒకే పలకపై తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఇమడవలెను. ఉర్దూ నస్తాలీఖు కుడినుండి ఎడమకు జారుచు దిగును. ఇంగ్లీషు పెద్దక్షరములు గీతపై నిటారుగా నిలుచును. తెలుగునకు పైన గుడులు, క్రింద ఒత్తులు. ‘నాంపల్లి’ అను మాటలో లకారపు ఒత్తునకే అడుగున చోటు కావలెను. ఇంగ్లీషు కొలతకు కోసిన పలకలో తెలుగును కూర్చినచో ఒత్తు నలిగిపోవును, దూరమునుండి చదువరాదు. సున్నపుదారముతో గీతలు కొట్టి, ఎనామిలు రంగుతో కుంచె నడిపిన పాతకాలపు పెయింటర్లకు ఈ లెక్క చేతివాటముగా తెలియును. ఫ్లెక్సీ వచ్చిన పిదప వారిలో చాలమందికి పని పోయినది. ఫ్లెక్సీపై మాకు కోపము లేదు. ఒక పూటలో తయారగును, చౌక. అక్షరమును అడ్డముగా సాగదీసి ఖాళీ నింపు అలవాటే మా కన్నునకు ముల్లు.

అద్దములకు, దీపములకు లక్షలు వెచ్చించు వర్తకుడు పేరు వ్రాయు పనిని మాత్రము అచ్చుకొట్టువానివద్ద ఉచితముగా చేయించుకొనజూచును. మాసబ్ ట్యాంకు వద్దనున్న లలితకళల కళాశాలలో ఈ విద్యనే అనువర్తిత కళ యని నేర్పుచున్నారు. నాంపల్లినుండి అది యెంతో దూరము కాదు. అచ్చట చదివినవారిని పిలిచి, మూల్యము ముందుగా మాటాడుకొని, నమూనాలు వేయించుకొనవచ్చును. వచ్చిన నమూనాను అంగుళము కొలతకు తగ్గించి నలుపుతెలుపులలో ఒకసారి చూడవలెను. తరువాత బోర్డంత కాగితముపై వేయించి, ఆబిడ్సు చౌరస్తాలో నిలువుగా పట్టించి, ఎదుటి దారిన పోవు ఆర్టీసీ బస్సు కిటికీనుండి చదువవలెను.