మార్కెట్ అడగని ప్రశ్నలు: ప్రోస్టేట్ క్యాన్సర్ పరిశోధనలో ప్రభుత్వ బాధ్యత

ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే మందుల్లో అబిరాటెరోన్ ముఖ్యమైనది. రోజుకు 1000 మిల్లీగ్రాములు, అంటే 250 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, పరగడుపున వేసుకోవాలన్నది ఆమోదం పొందిన మోతాదు. ఇదే మందును కొవ్వు తక్కువగా ఉన్న ఆహారంతో తీసుకుంటే రక్తంలోకి చేరే పరిమాణం సుమారు 5 రెట్లు, కొవ్వు ఎక్కువున్న భోజనంతో అయితే సుమారు 10 రెట్లు పెరుగుతుంది. అలాంటప్పుడు ఒక్క మాత్రను తిండితో పాటు వేసుకుంటే చాలదా? షికాగో విశ్వవిద్యాలయ వైద్యుల నాయకత్వంలో 72 మంది రోగులతో దీన్ని పరీక్షించి, 2018లో ఫలితాలు ప్రచురించారు. ఈ క్యాన్సర్ తీరును రక్తంలో సూచించే ప్రొటీన్ పీఎస్ఏను తగ్గించడంలో ఒక్క మాత్ర నాలుగు మాత్రలకు తీసిపోలేదు. అయితే 72 మందితో ఆయుర్దాయం సంగతి తేలదు. అది తేలాలంటే వందలాది రోగులను ఏళ్ల తరబడి గమనించాలి. తన మందు అమ్మకాన్ని నాలుగో వంతుకు తగ్గించే పరీక్షకు ఏ కంపెనీ డబ్బు పెడుతుంది?

ఈ ప్రశ్న మనకు మరీ దగ్గరిది. ఆ అధ్యయనంలో ఒక్క మాత్ర వేసుకున్న రోగులు తిన్నది కొవ్వు తక్కువున్న అల్పాహారం. మన ఇళ్లలో ఒకరోజు ఇడ్లీ, మరోరోజు పూరీ, ఇంకోరోజు నెయ్యి వేసిన ఉప్మా. వీటిలో కొవ్వు ఒక్కలా ఉండదు కాబట్టి మందు రక్తంలోకి చేరే తీరూ ఒక్కలా ఉండదు. మన తిండితో ఆ మాత్ర ఎలా పనిచేస్తుందో కొలిచి చెప్పడం భారత ప్రభుత్వ నిధులతో, భారతీయ ఆసుపత్రుల్లో జరగాల్సిన పని. అది తేలేదాకా ఏ రోగీ సొంతంగా మోతాదు మార్చుకోకూడదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో రోగికి అత్యంత అవసరమైన ప్రశ్నలు కొన్ని లాభం తేనివి, అందుకే వాటిని అడగాల్సింది ప్రభుత్వమే అన్నది ఈ వ్యాసం వాదన.

ఈ వ్యాధి చికిత్స చరిత్ర ఈ వాదనకు బలమిస్తుంది. వృషణాలు తొలగించినా, స్త్రీ హార్మోన్ ఇచ్చినా ఈ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపించింది అదే షికాగో విశ్వవిద్యాలయంలో. 1966లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అబిరాటెరోన్ అణువు 1990ల తొలినాళ్లలో లండన్‌లోని క్యాన్సర్ పరిశోధన సంస్థలో పుట్టి, 2011లో గానీ అమెరికాలో ఆమోదం పొందలేదు. ఎంజాలుటమైడ్ కథ మరింత సూటిగా మాట్లాడుతుంది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ సాయర్స్, మైకేల్ జంగ్ బృందాలు ఆ మందును రూపొందించాయి. అందుకు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులతో పాటు ఆ దేశ రక్షణ శాఖ 1997లో మొదలుపెట్టిన ప్రోస్టేట్ క్యాన్సర్ పరిశోధన కార్యక్రమం నిధులు కూడా తోడ్పడ్డాయి. ఆ కార్యక్రమంలో ఏ ప్రతిపాదనకు డబ్బివ్వాలో తేల్చే సమీక్షలో శాస్త్రవేత్తల పక్కన వ్యాధి అనుభవించినవారు కూడా కూర్చుంటారు. మన దేశం వెంటనే తెచ్చుకోదగ్గ పద్ధతి ఇది.

ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. ప్రజాధనంతో పుట్టిన ఎంజాలుటమైడ్ ధర అమెరికాలో ఏడాదికి లక్ష డాలర్లు దాటింది. ధర తగ్గేలా ప్రభుత్వం తన హక్కులు వాడుకోవాలని కొందరు అర్జీలు పెట్టుకుంటే జాతీయ ఆరోగ్య సంస్థలు 2016లోనూ, 2023లోనూ తోసిపుచ్చాయి. భారత పేటెంట్ కార్యాలయం ఆ మందు పేటెంట్ దరఖాస్తును 2016లో తిరస్కరించింది. నిధులిచ్చే రోజే ధర షరతు రాయించుకోకపోతే తర్వాత చేయగలిగింది తక్కువని అమెరికా అనుభవాన్నిబట్టి తెలుస్తోంది.

ప్రభుత్వం తప్ప ఎవరూ చేయలేని పరిశోధనకు బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించదు. 1999 నుంచి 2009 వరకు 50–69 ఏళ్ల పురుషులు 82 వేలకు పైగా పీఎస్ఏ పరీక్ష చేయించుకున్నారు. గ్రంథి దాటని క్యాన్సర్ బయటపడినవారిలో 1,643 మందిని చీటీ తీసినట్టు మూడు వర్గాలు చేశారు. ఒక వర్గానికి శస్త్రచికిత్స, మరో వర్గానికి రేడియేషన్, మూడో వర్గానికి చికిత్స ఏదీ లేకుండా క్రమం తప్పని పరిశీలన. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు మొత్తం 45 మంది, అంటే 2.7 శాతం. మూడు వర్గాల మధ్య మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పరిశీలనలో ఉన్నవారిలో వ్యాధి పాకడం ఎక్కువగా కనిపించిన మాట నిజమే గానీ, మరణాలు పెరగలేదు. ఆపరేషన్ తర్వాత మూత్రం ఆపుకోలేక, దాంపత్య జీవితం దెబ్బతిని కుంగిపోయే మగవాళ్లు ఎందరో. తొందరపడక్కర్లేదని వైద్యుడు ధైర్యంగా చెప్పగలిగే ఆధారాన్ని ఈ అధ్యయనం ఇచ్చింది. ఆపరేషన్ చేయకుండా ఆగడం మంచిదా అన్న ప్రశ్నకు ఏ వ్యాపార సంస్థా పాతికేళ్లు ఖర్చుపెట్టదు. బ్రిటన్ ప్రజారోగ్య పరిశోధన నిధి పెట్టింది.

మరి మన దగ్గర? ప్రపంచ క్యాన్సర్ లెక్కలు కట్టే గ్లోబోకాన్ అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో 14.6 లక్షలకు పైగా కొత్త కేసులు, దాదాపు 4 లక్షల మరణాలు నమోదయ్యాయి. భారత్ వాటా సుమారు 38 వేల కేసులు, 18 వేలకు పైగా మరణాలు. ఈ రెండు జతలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రపంచం మొత్తం మీద నాలుగు కేసులకు ఒక మరణం కన్నా కాస్త ఎక్కువ. మన దేశంలో రెండింటికి ఒకటి. పరీక్షలు ఎక్కువగా జరిగే దేశాల్లో నెమ్మదిగా పెరిగే కేసులు కూడా లెక్కకెక్కుతాయి కాబట్టి ఈ పోలికను జాగ్రత్తగా చూడాలి. అయినా అందులోని దుఃఖం అబద్ధం కాదు. మూత్రం ఆగి ఆగి వస్తుంటే వయసు మీద పడిందనుకుని, నడుము నొప్పికి మందు రాసుకుంటూ, ఎముకల దాకా పాకాక పెద్దాసుపత్రి మెట్లెక్కే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎందరో.

ఎందరో అని ఊరుకోవాల్సి రావడమే అసలు లోపం. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 1980ల నుంచి పనిచేస్తున్నా, 2020 నివేదిక నాటికి జనాభా ఆధారిత రిజిస్ట్రీలు చేరింది దేశ జనాభాలో సుమారు 10 శాతానికే. తెలుగు రాష్ట్రాల నుంచి ఆ నివేదికలో ఉన్నది హైదరాబాద్ జిల్లా. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఏ దశలో రోగులు వస్తున్నారో ఆ లెక్క చెప్పదు. ఆరోగ్యశ్రీ వంటి పథకాల కింద జరిగే చికిత్సలకు మాత్రం రికార్డు ఉంటుంది. పేర్లు తొలగించి ఆ సమాచారాన్ని పరిశోధకులకు ఇస్తే, ఏ జిల్లాలో ఏ చికిత్స జరుగుతోందో, ఎవరు మధ్యలో మానేస్తున్నారో కొత్త ఖర్చు పెద్దగా లేకుండానే తెలుస్తుంది.

చేతకాక చేయలేదనడానికి మాత్రం వీల్లేదు. అణుశక్తి శాఖ కింద నడిచే ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ముప్పు ఎక్కువున్న 224 మంది రోగులతో పాప్–ఆర్‌టీ అనే పరీక్ష జరిగింది. రేడియేషన్‌ను ప్రోస్టేట్‌కే పరిమితం చేయాలా, కటిభాగపు లింఫు కణుపులకూ ఇవ్వాలా అన్నది ప్రశ్న. పీఎస్ఏ మళ్లీ పెరగకుండా 5 ఏళ్లు ఉన్నవారు మొదటి పద్ధతిలో 81.2 శాతం, రెండో పద్ధతిలో 95 శాతం. 2021లో వెలువడిన ఈ ఫలితాన్ని ప్రపంచమంతటి రేడియేషన్ వైద్యులు చర్చించారు. ఒక్క ప్రభుత్వ ఆసుపత్రి చేసిన పని ఇది. అలాగే ముదిరిన వ్యాధికి, రేడియేషన్‌ను నేరుగా క్యాన్సర్ కణాలకు చేర్చే లుటీషియం–177 పీఎస్ఎంఏ చికిత్స ఆయుర్దాయం పెంచుతుందని 2021లో విజన్ పరీక్ష చూపింది. సగటు రోగి బతికిన కాలం 11.3 నెలల నుంచి 15.3 నెలలకు పెరిగింది. ఆ లుటీషియంను మన బాబా అణు పరిశోధన కేంద్రం ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో తయారుచేస్తోంది. ముడిసరుకు, నిపుణులు, రోగులు మూడూ మన దగ్గరున్నాయి. కానీ ఎన్ని మోతాదులు చాలు, ఏ దశలో మొదలుపెట్టాలి అని తేల్చే పెద్ద బహుళ కేంద్ర పరీక్షలకు నిలకడైన నిధి లేదు.

జన్యు పరిశోధనలోనూ వెలితి ఉంది. ఈ క్యాన్సర్ ముప్పును లెక్కగట్టే జన్యు సూచికలు ప్రధానంగా ఐరోపా సంతతి సమాచారంతో తయారయ్యాయి. దక్షిణాసియా వారి వాటా అందులో చాలా స్వల్పం. ఈ వెలితి పూడ్చే జన్యు పరిశోధనకు హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ మీద చేసిన కృషికి బుష్రా అతీక్ 2020లో భట్నాగర్ బహుమతి అందుకున్నారు. ప్రతిభకు కొరత లేదు.

నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ఇంత ఉండగా దీనికెందుకు అనేవారున్నారు. ఆ మూడింటి నుంచి ఒక్క రూపాయి కూడా తీయమని ఎవరూ అడగడం లేదు. ప్రపంచంలో ఏడాదికి 14 లక్షలున్న ప్రోస్టేట్ క్యాన్సర్ కేసులు 2040కి 29 లక్షలవుతాయని లాన్సెట్ కమిషన్ 2024లో అంచనా వేసింది. దక్షిణాది రాష్ట్రాల్లో వృద్ధుల వాటా ముందే పెరుగుతోంది. ఇది వృద్ధుల జబ్బు. ఇవాళ మొదలైన పరీక్ష ఫలితం పదేళ్లకు వస్తుంది.

ఆరోగ్య పరిశోధన శాఖకు 2025–26 బడ్జెట్‌లో కేటాయించింది సుమారు 3,900 కోట్లు. ఆరోగ్య మంత్రిత్వ శాఖకు దక్కిన దాదాపు లక్ష కోట్లలో అది 4 శాతానికి చేరదు. ఆ వాటా పెరగాలి. పెరిగిన దాంట్లోంచి భారత వైద్య పరిశోధన మండలి ప్రోస్టేట్ క్యాన్సర్‌కు కనీసం పదేళ్ల ప్రత్యేక నిధి పెట్టాలి. ఏటా కత్తెర పడే నిధితో ఇలాంటి పరీక్షలు పూర్తికావు. అమెరికాలో రక్షణ శాఖ వైద్య పరిశోధన కార్యక్రమాల మొత్తాన్ని 2025లో సుమారు 150 కోట్ల డాలర్ల నుంచి 65 కోట్లకు తగ్గించడం మన కళ్లముందు జరిగినదే. 2012 నుంచి ఉన్న క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ద్వారా హైదరాబాద్ ఎం.ఎన్.జె., విశాఖ హోమీ బాబా ఆసుపత్రులు కలిసి మొదటి పరీక్ష అబిరాటెరోన్ మోతాదు మీదే చేపట్టవచ్చు. మందు పాతది, మాత్రలు మన కంపెనీలే చేస్తున్నాయి, రోగులు ఓపీ బయట బెంచీల మీద ఎదురుచూస్తున్నారు. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ, కేంద్రమూ ఈ ఒక్క పరీక్షకు వచ్చే బడ్జెట్‌లోనే డబ్బు కేటాయించాలి.