మాగాణి మట్టిని చదివినవారు

పెన్న బంగాళాఖాతమున గలియుటకు ముందు రెండు గట్ల వెంబడిని విస్తరిల్లిన నెల్లూరు మాగాణుల వైభవమును ముచ్చటించునప్పుడు మనవారు 1855 నాటి ఆనకట్టను తలచుకొందురు. ఈశాన్య ఋతుపవనమును నమ్మి నారు పోసిన రైతు నేర్పును తలచుకొందురు. మొలగొలుకులను వరి అన్నపు రుచిని తరతరములుగా చెప్పుకొందురు. అయితే ఆ మాగాణి అడుగుననున్న నల్లని బురదలో ఏమి జరుగుచున్నదో, వేసిన ఎరువులో పైరునకు చేరినదెంతయో, వృథాయైనదెంతయో తెలిసికొనగోరి, ప్రభుత్వ వ్యవసాయ ప్రయోగశాలలలో తమ జీవితములను గడపిన రసాయన శాస్త్రజ్ఞుల పేళ్లు మాత్రము పల్లెలలోనే కాదు, పట్టణపు చదువరుల నోటను వినబడవు. వారి ఉద్యోగచరిత్ర మన అన్నపు చరిత్రలో నొక భాగము గనుక దానిని తెలిసికొనుట మనకు విధి.

కరవు నేర్పిన పాఠము

1876లో ఆరంభమై మదరాసు రాజధానిని (ప్రెసిడెన్సీని) పీల్చి పిప్పిచేసిన ధాత కరవు పిదప, సేద్యమును శాస్త్రదృష్టితో పరిశీలింపవలెనను తలంపు పాలకులకు గలిగినది. ఇంగ్లండు రాయల్ వ్యవసాయ సంఘమునకు సలహాదారుగానుండిన వోల్కరు అను రసాయన శాస్త్రజ్ఞుడు 1889లో ఈ దేశమునకు వచ్చి, ఏడాదికి పైగా పల్లెపల్లెను తిరిగి, 1893లో ప్రచురించిన నివేదికలో, భారతీయ కర్షకుని అజ్ఞానిగా నెంచుట పొరపాటనియు, అతనికి లోపించినది ప్రజ్ఞ కాదు, ఎరువును నీరును కల్పించు సాధనసంపత్తి యనియు నిష్పక్షపాతముగా తేల్చి చెప్పెను. ఆ నివేదిక వెలువడక మునుపే, 1892లో, లెదరు అను నాతడు భారత ప్రభుత్వపు తొలి వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడుగా నియుక్తుడయ్యెను. 1905లో బీహారులోని పూసాలో కేంద్ర పరిశోధనాలయమునకు పునాది పడినది. మన రాజధానిలో సైదాపేటనుండిన వ్యవసాయ కళాశాల కోయంబత్తూరునకు తరలి, అచ్చట పెద్ద ప్రయోగశాలతో వెలసినది. ఆనాడు నెల్లూరు మదరాసు రాజధానిలోని జిల్లా గనుక మన మట్టిని పరీక్షింపవలసిన ప్రభుత్వ రసాయన శాస్త్రజ్ఞుని పీఠము కూడ ఆ కోయంబత్తూరే.

బురదలోని ఊపిరి

ఆ ప్రయోగశాలలో హారిసను, సుబ్రహ్మణ్య అయ్యరు అను నిరువురు కలసి 1913 మొదలు ప్రకటించిన పరిశోధనలు వరి పండించు ప్రతి సీమకును ఆదరణీయములు. తక్కిన పైరుల వేళ్లు నీట మునిగినచో ఊపిరాడక కుళ్లిపోవుచుండగా, నెలల తరబడి నీరు నిలిచిన మడిలో వరి యెట్లు పచ్చగా నుండుచున్నదన్నది వారి ప్రశ్న. బురదనుండి వెలువడు బుడగలను పట్టి పరీక్షింపగా అందు నత్రజనియు, మీథేనును విశేషముగాను, బొగ్గుపులుసు వాయువును ఉదజనియును కొలదిగాను కనబడినవి. మడి నేలపై పలుచగా పరచుకొనిన నాచుపొరలోని సూక్ష్మజీవులు మీథేనును ఆమ్లజనితో గలిపి బొగ్గుపులుసు వాయువుగా మార్చుచున్నవనియు, నాచు ఎండవెలుతురున దానిని గ్రహించి ఆమ్లజనిని విడుచుచున్నదనియు, ఆ ఆమ్లజని నీటితో దిగి వేళ్లకు చేరుచున్నదనియు వారు ప్రతిపాదించిరి. జీలుగను, జనుమును పూతదశలో కలియదున్నిన మడి ఏల బలముగా పండుచున్నదను మర్మము కూడ దీనితో కొంత విడినది: పచ్చిరొట్ట కుళ్లినకొలది వాయువు లధికమగును, వాయువులతో నాచుపొర చురుకెక్కును, అది చురుకెక్కినకొలది వేళ్లకు ప్రాణవాయువు లభించును. మన తాతలు అనుభవముచే నెరిగిన సత్యమునకు గాజు నాళికలలో సాక్ష్యము దొరకినది.

కోయంబత్తూరున తెలుగువారు

ఈ పరంపరను పెంపొందించినవారిలో అగ్రగణ్యులు తెలుగువారగు భాగవతుల విశ్వనాథ్ గారు. రాజధాని వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞులుగా ఆయన చేపట్టిన ప్రశ్న మిక్కిలి సూటియైనది: నేలకు వేసిన ఎరువు గింజ పరిమాణమునే గాక గింజ గుణమును కూడ మార్చునా? కూనూరులో ఆహారపోషణమును గూర్చి పరిశోధించుచుండిన డాక్టరు మక్కారిసనుతో గూడి ఆయన 1926లో ప్రకటించిన వ్యాసము, పశువుల ఎరువుతో పండిన ధాన్యమునకును, రసాయనపు టెరువుతో పండిన ధాన్యమునకును పోషకశక్తిలో భేదమున్నదని ప్రతిపాదించెను. మరుసటి సంవత్సరము సూర్యనారాయణ గారితో గలిసి, ఎరువు ప్రభావము విత్తనము ద్వారా తరువాతి పైరునకు సంక్రమించునా యను విషయమును పరిశీలించిరి. ఈ నిర్ణయములపై పిమ్మట దేశదేశములలో వాదప్రతివాదములు జరిగినవి. అట్టి వాదములకు విత్తనము నాటుటయే పరిశోధకునకు కీర్తి. పిదప విశ్వనాథ్ గారు కేంద్ర వ్యవసాయ పరిశోధనాలయమునకు ప్రథమ భారతీయ సంచాలకులైరి. 1934 నాటి భూకంపమున పూసా భవనములు శిథిలములుకాగా 1936లో ఆ సంస్థ ఢిల్లీకి తరలిన దశ అదియే.

కోయంబత్తూరు ప్రయోగశాలయే ఆంధ్రదేశమునకు మరియొక మేలు చేసినది. మాంచెస్టరులో రాబర్టు రాబిన్సనుకడ శిష్యరికము చేసి 1930లో మరలివచ్చిన తిరువెంకట రాజేంద్ర శేషాద్రి గారు కొన్నియేండ్లు కోయంబత్తూరున పనిచేసి, 1933లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, ప్రత్తిపూవుల రంగులు మొదలుగాగల వృక్షజ పదార్థముల రసాయనమున అంతర్జాతీయ ఖ్యాతి నార్జించి, 1949లో ఢిల్లీకి వెడలువరకు మన విద్యార్థుల కెందరికో గురువైరి.

నెల్లూరు తీరమున

1937 నుండి నెల్లూరునకు స్వంత వ్యవసాయ పరిశోధనా స్థానము గలదు. 1945లో బాపట్ల వ్యవసాయ కళాశాల వెలసి, మదరాసు నుండి ఆంధ్రరాష్ట్రము వేరుపడిన పిదప కోయంబత్తూరు మనకు దూరమైన వేళ తెలుగు జిల్లాలకు ఆసరాయయ్యెను. సాగరతీర మండలములలో సమస్య యొకటి ప్రత్యేకము. అల్లూరు, ఇందుకూరుపేట, కోట ప్రాంతములలో ఉప్పుగాలికి, పోటునీటికి లోనైన పొలములను రైతులు పాలచవుడనియు, కారుచవుడనియు వేరుపరచి చెప్పుదురు. రసాయన శాస్త్రము ఈ విభజనను అక్షరాల సమర్థించినది. పైన తెల్లగా లవణములు పేరుకొనిన పాలచవుడునకు మంచినీరు పెట్టి, నిలిపి, మురుగుకాలువలోనికి తీసివేయుటయే ప్రధాన చికిత్స. మట్టిరేణువులకు సోడియము అంటుకొని, నేల బిగిసి, నీరింకని కారుచవుడునకు అది చాలదు. దానికి జిప్సము వేయవలెను. జిప్సములోని కాల్షియము సోడియమును రేణువు నుండి త్రోసివైచి ఆ చోట నిలుచును. త్రోయబడిన సోడియము సల్ఫేటై నీటితో బయటికి పోవును. ఏ పొలమునకు ఏ చికిత్సయో, ఎంత మోతాదో, కంటిచూపుతో తేలదు, పరీక్ష కావలెను.

ఎరువు విషయమునను నిట్లే. నత్రజని మోతాదు మించినచో వరికి అగ్గితెగులు ప్రబలును. నెల్లూరు స్థానము ఆ తెగులునకు తట్టుకొను వంగడములను రూపొందించుటలో పేరుగాంచినది, నెల్లూరు మసూరి యనబడు ఎన్.ఎల్.ఆర్. 34449 అట్టిదే. వంగడము ఎంత దృఢమైనను, యూరియాను అవసరమునకు మించి గ్రుమ్మరించినచో దాని బలము నిష్ఫలమగును. ఆ అవసరమెంతయో చెప్పవలసినది మట్టిపరీక్ష.

పరీక్ష జరుగు తీరు

పొలములో పదిహేను, ఇరువది చోట్ల ‘వి’ ఆకారమున జానెడు లోతు గుంట త్రవ్వి, ప్రక్కనుండి పైనుంచి క్రిందివరకు సమానముగా మట్టిపొరను తీసి, అన్నిటిని గోతపు గుడ్డపై గలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను పారవైచుచు అరకిలో మిగులువరకు తగ్గించి, నీడనారబెట్టి, రెండు మిల్లీమీటర్ల జల్లెడను పట్టి, సంచిలో సర్వే నంబరుతో ప్రయోగశాలకు చేర్తురు. అచ్చట ఆ మట్టిని డైక్రోమేటుతోను, గాఢ గంధకామ్లముతోను కలిపి సేంద్రియ కర్బనమును కొలుచు ఉద్యోగి కన్ను, బ్యూరెట్టు నుండి చుక్కచుక్కగా ద్రావణమును విడుచుచు, నీలిరంగు ఆకుపచ్చగా మారు ఆ నిమేషముపై నిలిచియుండును. ఒక చుక్క హెచ్చైనచో లెక్క తప్పును. లెక్క తప్పినచో ఎక్కడో ఒక కుటుంబము ఆ ఏడాది ఎరువుపై వ్యర్థముగా ధనము వెచ్చించును. లభ్యభాస్వరమును నీలవర్ణపు గాఢతనుబట్టి నిర్ణయింతురు. రోజునకు పదులకొలదిగా, సంవత్సరమునకు వేలకొలదిగా ఇదే పని. దీనిని విసుగులేక, నిజాయితీతో జీవితాంతము చేయుటలోగల ఘనతను గుర్తింపని సమాజము తన అన్నపు మూలమును గుర్తింపనిదే.

కావలసినది పరంపర

కోయంబత్తూరున 1909లో ఆరంభించిన శాశ్వత ఎరువుల ప్రయోగము ఇప్పటికిని నడచుచున్నది. దానిని మొదలిడినవారిలో నేడెవ్వరును లేరు. వారి నోటుపుస్తకములను అందుకొన్నవారును గతించిరి. అయినను ఆ మళ్లకు ఏటేట అదే ఎరువు పడుచున్నది. నేల మారుట ఒక మనుష్యుని ఉద్యోగకాలములో పూర్తిగా కనబడదు గనుక, నేలను చదువు శాస్త్రమునకు తరతరముల వారసత్వము తప్పనిసరి. లాభమును మూడేండ్లలో చూపవలసిన వ్యాపారసంస్థ నూరేండ్ల ప్రయోగమును మోయలేదు, మోయగలిగినది ప్రభుత్వమొక్కటే. కనుక రసాయనశాస్త్రమున పట్టము పొందిన నెల్లూరు యువకులకును, యువతులకును ఈ మార్గమును గౌరవముతో చూపవలెను. ప్రయోగశాలలో నొకరు విరమించినంతనే మరియొకరిని నియమించి, వెళ్లువాని అనుభవము వచ్చువానికి అందునట్లు చేయవలెను. ఆనకట్టకు మరమ్మతు చేయించుట ఎట్లు ప్రభుత్వ ధర్మమో, పరిశోధకుల పరంపర తెగకుండ కాపాడుటయు నట్లే ప్రభుత్వ ధర్మము. నీరున్నను నేల నెరుగని సేద్యమునకు, ఆ నీరు మేలెంత చేయునో కీడు నంతే చేయగలదు.