ఇప్పనూనెలోని తీపి



ఖమ్మము నుండి భద్రాచలమునకు పోవు త్రోవలో అడవి చిక్కబడినకొలది ఇప్పచెట్లు కనబడును. వసంతమున పువ్వు రాలును. వేసవి ముదిరిన పిమ్మట కాయ పండును. ఆ గింజల నుండి తీసిన నూనెను కోయలు తరతరములుగా వంటకును దీపమునకును వాడుకొనిరి. ఆ నూనెలో ఒక తీయని ద్రవము దాగియున్నది. నేటి ప్రసంగము దాని చరిత్రను గూర్చినది.

1779లో స్వీడను దేశపు రసాయనజ్ఞుడు షీలే ఆలివునూనెను సీసభస్మముతో కాచి, మిగిలిన నీటిని రుచి చూడగా తియ్యగా నుండెను. పిదప ఫ్రాన్సు దేశస్థుడైన షెవ్రోల్, తీపి యను అర్థముగల గ్రీకుపదము నుండి దానికి గ్లిసరిన్ అని పేరిడెను. ప్రతి నూనెయందును మూడు కొవ్వు ఆమ్లములను ఒక గ్లిసరిన్ పట్టియుంచును. సబ్బు వండునపుడు అది విడివడును. 1867లో నోబెల్ హక్కు పొందిన డైనమైటునకు ఈ తీపియే మూలము. మొదటి మహాయుద్ధమున రాజ్యములు దీనికై పరితపించెను.

దీపము వెలుగునపుడు నూనె ఆమ్లజనితో కలిసి పూర్తిగా దహించిపోవును. రసాయనజ్ఞుడు కోరునది వేరు: ఆ దహనము ఒక్క మెట్టు నడచి నిలిచిపోవలెను. గ్లిసరిన్‌లో మూడు కర్బనపు పరమాణువులు గలవు. చివరిదానిని మార్చినచో గ్లిసరికామ్లము, నడిమిదానిని మార్చినచో డైహైడ్రాక్సీ ఎసిటోను లభించును. పాశ్చాత్యులు మేనికి ఎండవన్నె తెచ్చుకొనుటకై పూసుకొను లేపములలో నుండునది ఈ రెండవదియే. తాను తరుగక, ఇట్టి మార్పును త్వరపరచు పదార్థమును ఉత్ప్రేరకమందురు.

1858లో డిబస్ నత్రికామ్లముతో గ్లిసరికామ్లమును చేసెను. 1898లో బెర్త్రాన్ సూక్ష్మజీవులచేత డైహైడ్రాక్సీ ఎసిటోను చేయించెను. 1899లో కేంబ్రిడ్జి నివాసియగు ఫెంటన్, జాక్సను అను సహచరునితో కూడి, కొలదిపాటి ఇనుపలవణమును, హైడ్రొజను పెరాక్సైడును గ్లిసరిన్‌పై ప్రయోగించి, దానిని మెల్లగా మార్చెను. చవకలోహముతో ఈ పని సాగునని అప్పుడే తేలెను.

అయినను తరువాతివారి చూపు విలువైన లోహములపై నిలిచెను. 1993లో జపానునందు ప్లాటినము-బిస్మతుల కూర్పు నడిమి కర్బనమును పట్టెను. 2002లో కార్డిఫ్ నగరమున, బొగ్గుపై నిలిపిన బంగారపు రేణువులు గ్లిసరికామ్లమును నిచ్చెను. ఇంతలో నూనెలనుండి ఇంధనము చేయు పరిశ్రమ పెరిగెను. నూరు కిలోల ఇంధనమునకు ఇంచుమించు పది కిలోల గ్లిసరిన్ మిగులును. అందుచేత దాని వెల పడిపోయెను. చవక సరకును సవరించుటకు బంగారమేల? కావుననే రాగి, కోబాల్టు, మాంగనీసు, ఇనుములను మరల పరీక్షించుచున్నారు.

చిక్కులు రెండు గలవు. క్షారద్రవమున ఈ లోహములు కరగిపోవుట యొకటి. కర్బనపు గొలుసును త్రెంచి, కోరిన పదార్థమునకు మారుగా ఫార్మికామ్లము నిచ్చుట రెండవది. చవకతనముతోపాటు నిగ్రహమును నేర్పుటయే ఇందలి కష్టము.

ఈ విచారణ మనకు దూరమైనది కాదు. హైదరాబాదులో 1944లో నెలకొనిన పరిశోధనాలయము 1956లో కేంద్ర పరిశోధనా మండలిలో చేరి, 1989 నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను పేర వెలయుచున్నది. నూనెలును ఉత్ప్రేరకములును దాని ముఖ్యవిషయములు. అడవి అంచున అశ్వారావుపేటలో ఆయిల్‌పామ్ తోటలును, నూనె తీయు కర్మాగారమును గలవు.

గింజ ఏరినవానికి గింజవెల, నూనె తీసినవానికి నూనెవెల దక్కును. అటుపైని ప్రతి మెట్టు దూరనగరములందే జరుగును. బంగారము కావలసిన విద్య ధనికుల యింట నిలిచిపోవును. ఇనుముతో, రాగితో అయ్యెడు విద్య పల్లెపొలిమేర వరకు రాగలదు. వచ్చునని నేను చెప్పజాలను. వచ్చుటకు త్రోవ కలదని మాత్రము ఈ రెండువందల యేండ్ల చరిత్ర చెప్పుచున్నది. ఇప్పగింజ ఏరు చేతికి ఆ తీపిలో పాలు దక్కిననాడే ఈ విద్య సార్థకమగును.