బొంబాయి నర్సు విద్యయు మన కామాటిపురమును

బొంబాయి సెంట్రల్ స్టేషనునుండి తూర్పునకు నడచినచో కొద్ది నిమిషములలో కామాటిపురపు గల్లీలు మొదలగును. వానికి పేర్లకంటె అంకెలే ప్రసిద్ధము. ఉత్తరమున కూతవేటు దూరములో నాయర్ ఆసుపత్రి, తూర్పున బైకల్లా వైపు సర్ జె. జె. ఆసుపత్రి. రెండింటికిని మన పెద్దలు కాలినడకనే పోయివచ్చెడివారు. పురుటికో, జ్వరమునకో, మిల్లులో చేయి నలిగినప్పుడో ఆ మెట్లెక్కని కుటుంబము మన చాళ్ళలో అరుదు. అయినను ఆ వార్డులలో తెల్లని దుస్తులతో తిరుగు స్త్రీల విద్య ఎచ్చట పుట్టినది, ఎట్లు పెరిగినది అని మనము విచారించినది తక్కువ. అది మన గుమ్మము ముందరనే పుట్టిన విద్య యగుటచే ఈ సంచికలో దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించితిమి.

కామాటి యనగా తెలుగున మట్టిపని, రాతిపని చేయు కూలి. 18వ శతాబ్దము చివర, హార్న్‌బీ వెల్లార్డ్ అను కట్ట పూర్తియై, ద్వీపముల నడుమనున్న ఉప్పునీటి పల్లములు పూడుచుండిన కాలమున, నిజాము రాజ్యపు తెలుగు సీమనుండి వచ్చిన కూలీలు ఇచ్చట స్థిరపడిరి. పిదప మిల్లులు వెలసినప్పుడు పద్మశాలీలు వచ్చి వర్లి, పరేలు చాళ్ళలోను నిండిరి. నేడు కామాటిపురమనగానే లోకమునకు వేరొక సంగతి స్ఫురించును. దానిని గూర్చి వ్రాయువారు చాలమంది కలరు గనుక మేము విడిచెదము.

జె. జె. ఆసుపత్రియు, గ్రాంటు వైద్య కళాశాలయు 1845లో ప్రారంభమైనవి. వైద్యునకు కళాశాల ఏర్పడినను, రోగి ప్రక్కన రాత్రి మేల్కొనియుండు మనిషికి బొంబాయిలో క్రమమైన శిక్షణ దొరకుటకు మరి 40 ఏండ్లు పట్టినది. అమెరికా వర్తకుడు జార్జి కిట్రెడ్జి, పారసీ ప్రముఖుడు సొరాబ్జీ షాపూర్జీ బెంగాలీ చందాలు కూర్చి ఇంగ్లండునుండి స్త్రీ వైద్యులను రప్పింప బూనిరి. అట్లు 1883 చివర ఈడిత్ పీచీ అను వైద్యురాలు ఈ నగరము చేరెను. పెస్తన్‌జీ హోర్ముస్‌జీ కామా విరాళముతో స్త్రీలకును శిశువులకును కట్టిన కామా ఆసుపత్రి 1886లో తెరువబడగా, పీచీ అచ్చట నర్సులకు శిక్షణ నేర్పాటు చేసెను. 1891లో బాయి కాశీబాయి గణపత్ అను ఆమె నర్సు శిక్షణకు చేరెను. ఆ విద్యకు వచ్చిన తొలి భారతీయ స్త్రీగా నర్సింగు చరిత్రలు ఆమెను పేర్కొనును. బాలికల సమ్మతి వయస్సును 10నుండి 12కు పెంచిన చట్టముపై దేశమంతట రగడ జరిగినదియు ఆ 1891లోనే. అట్టి యేట ఒక హిందూ స్త్రీ ఇల్లు దాటి పరుల పుండ్లు కడుగ నేర్చుట ఎంతటి సాహసమో పాఠకులే ఊహింతురు గాక.

ఐదేండ్లకు మహామారి వచ్చిపడినది. 1896 సెప్టెంబరులో డాక్టరు అకాసియో వీగాస్ మాండ్వీలో ప్లేగును గుర్తించెను. జనము మూటలు గట్టుకొని నగరము విడిచిరి. గ్రాంటు వైద్య కళాశాలలోని ఒక చిన్న ప్రయోగశాలలో హాఫ్‌కిన్ టీకామందు తయారుచేసి, 1897 జనవరిలో దానిని మొదట తన యొడలికే ఎక్కించుకొనెను. ఆ మార్చి 10వ తేదీన పూనాలో సావిత్రీబాయి ఫూలే ప్లేగు రోగులకు సేవ చేయుచు ఆ జాడ్యముననే కన్నుమూసిరి. ఆమె ఏ శిక్షణాలయమునందును నర్సు విద్య చదువలేదు. మన గల్లీలవారికిని ఆమె గృహమునకును ఒక అనుబంధము కలదు. జోతీరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండ నిలిచినవారిలో తెలుగు గుత్తేదారులు ముఖ్యులు. జాయా కరాడీ లింగు, వెంకూ బాళాజీ కాళేవార్ మున్నగువారి పేర్లు ఆ సమాజ చరిత్రలో కలవు. బాలికలకు బడి పెట్టిన దంపతుల ఉద్యమమునకు రాళ్ళు మోసిన జాతివారు తోడైరని మన పిల్లలకు ఎందరము చెప్పితిమి?

అట్టి వారసత్వము గల మనము నర్సు వృత్తిని చూచిన చూపు మాత్రము వేరు. పురుడు పోయునంతసేపు మంత్రసానిని తల్లీ యని పిలిచి, చీర పెట్టి పంపిన పిదప పంక్తిలో కూర్చుండనీయని ఇండ్లు మన పల్లెలలో ఉండెను. ఆ చూపు మన మూటలతోపాటే ఈ నగరమునకు వచ్చినది. "రాత్రి డ్యూటీకి పోయే పిల్లకు సంబంధం ఎట్లా వస్తుంది వదినా?" అను ప్రశ్న చాళ్ళ వరండాలలో మే మెన్నిసారులో వింటిమి. చిరునామాకు లోకము పెట్టిన మచ్చ చాలదా, దానిపై ఇది యొకటా అని తల్లుల భయము. ఆ భయమును నవ్వి త్రోసివేయలేము. కాని అదే కాలమున కేరళ తల్లులు తమ కుమార్తెలను రైలెక్కించి ఈ వార్డులకే పంపిరి. వారి జీతములతో అచ్చట తమ్ముల చదువులు సాగినవి, ఇండ్లు లేచినవి.

ఇంతలో విద్య స్వరూపమే మారినది. 1946లో భోర్ సంఘము, దేశమున సుమారు 7,000 మంది నర్సులు మాత్రమే కలరనియు, 43,000 జనమునకు ఒక్కరు చొప్పున పడుదురనియు లెక్క తేల్చెను. ఆ యేడే ఢిల్లీలోను వేలూరులోను నర్సింగునందు డిగ్రీ చదువు మొదలైనది. బొంబాయిలో, కర్వే మహర్షి 1916లో నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయము 1964లో లీలాబాయి ఠాకర్సీ నర్సింగ్ కళాశాలను తెరచెను. 1998లో నాసిక్‌లో మహారాష్ట్ర ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము ఏర్పడినది. విజయవాడలో అట్టిది 1986లోనే వెలసినదని మన బంధువులు గొప్పగా చెప్పుకొందురు. న్యాయమే.

డిగ్రీయనగా పేరు వెనుక రెండక్షరములని కొందరి తలంపు. పూర్వపు డిప్లొమా చదువు ఆసుపత్రి బడిలో సాగెడిది. చదువుకొను పిల్లయే వార్డు చాకిరికి చేయి. నాలుగేండ్ల బి.ఎస్‌సి.లో శరీరశాస్త్రము, సూక్ష్మజీవశాస్త్రము, మనస్తత్వము, పోషణ, సమాజారోగ్యము, పరిశోధన అన్నియు పాఠములే. 2021 నాటి కొత్త పాఠ్యప్రణాళిక దానిని 8 సెమిస్టర్లుగా విభజించినది. పిదప ఎం.ఎస్‌సి. చదివి కళాశాలలో బోధింపవచ్చును. డిప్లొమావారికిని రెండేండ్ల పోస్ట్ బేసిక్ చదువు కలదు. జె. జె. ఆవరణలోని నర్సింగ్ విద్యాసంస్థలోనే బి.ఎస్‌సి. చదువవచ్చును, మన గల్లీనుండి బస్సు టిక్కెట్టు కూడ అక్కరలేదు.

అయినను గడప యొద్ద అడ్డంకులున్నవి. మునిసిపల్ తెలుగు బడిలో మొదలిడిన పిల్ల 12వ తరగతిలో భౌతిక, రసాయన, జీవ శాస్త్రములతో ఇంగ్లీషును గట్టెక్కవలెను. అంతకంటె కఠినమైనది కాగితము. మహారాష్ట్రలో రిజర్వేషను కోరు కుటుంబము, షెడ్యూల్డు కులమైనచో 1950 ఆగస్టు 10కి, ఓ.బి.సి. యైనచో 1967 అక్టోబరు 13కి పూర్వమే తమ పెద్దలు ఈ రాష్ట్రమున నివసించిరని చూపవలెను. తరతరములుగా ఇచ్చటనున్నవారికి ఇది సులువని తోచును. కాని వేలిముద్ర వేసిన తాతకు బడి సర్టిఫికెట్టు ఎక్కడిది? ఇంటిపేరు ఒక కాగితమున ఒక తీరు, మరొక కాగితమున మరొక తీరు. మే మెరిగిన యొక బాలిక ప్రవేశ పరీక్షలో నెగ్గియు, ఈ రుజువు సమయమునకు చూపలేక సీటు పోగొట్టుకొన్నది. రెండు నెలల పిదప అటకమీది రేకుపెట్టెలో నాయనమ్మ దాచిన చాలు అద్దె రసీదులును, ముత్తాత మరణ నమోదు నకలును దొరకినవి. మరుసటి యేడు ఆమె వానితో మరల దరఖాస్తు పెట్టినది.

కామాటిపురపు పాత చాళ్ళను పునర్నిర్మించు ప్రయత్నము సాగుచున్నది. సామాను దించునప్పుడు ఆ రేకుపెట్టెలను పాతసామానువానికి వేయకముందు ఒకసారి తెరచి చూడుడు. అద్దె రసీదు, మిల్లు టిక్కెట్టు, రేషను కార్డు, మునిసిపల్ బడి దాఖలా, జనన మరణముల నకళ్ళు, ఏవి కనబడినను వేరుగా కట్టి ఉంచుడు.