ఫ్రూట్ క్రంబుల్: అనంత సీమ పండ్లకు తగిన వంటకం

ఫ్రూట్ క్రంబుల్ అంటే అడుగున పండ్ల ముక్కలు పరిచి, పైన పిండి, వెన్న, చక్కెర కలిపి నలిపిన పొడిని చల్లి, ఓవెన్‌లో ఎర్రగా కాల్చే తీపి వంటకం. దీనికి గుడ్డు, ఈస్టు, బేకింగ్ పౌడరు ఏవీ అక్కర్లేదు. పిండిని తడిపి ముద్ద చేయడం, కర్రతో ఒత్తడం, అచ్చులో సర్దడం వంటి పనులూ ఉండవు. బేకింగ్ జోలికి ఎన్నడూ పోనివారు ధైర్యంగా మొదలుపెట్టదగిన వంటకం ఇదే. పుట్టింది బ్రిటన్‌లోనైనా దీనికి కావలసిన సరుకంతా శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అంగళ్లలో దొరుకుతుంది. మామిడి, అరటి, జామ, సపోటా, బెల్లం, రాగిపిండి, చెనక్కాయ విత్తనాలు ఈ నేల మీద పండేవో, ఈ ఊళ్లలో అమ్ముడయ్యేవో. చాలా ఇళ్లలో లేనిదల్లా ఓవెన్ ఒక్కటే. దానికీ ఉపాయం ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక బ్రిటన్‌లో తిండి సరుకులకు కటకట మొదలైంది. 1940 జనవరి 8 నుంచి వెన్న, చక్కెర రేషన్ కార్డు మీదే ఇచ్చారు. అప్పటిదాకా అక్కడి ఇళ్లలో ఆపిల్ పై చేసేవారు. పండును పిండి తొడుగులో మూసి కాల్చే ఆ వంటకానికి మైదా, కొవ్వు ఎక్కువ పడతాయి. తొడుగు మానేసి గుప్పెడు పొడి పైన చల్లితే సగం సరుకుతో పని జరిగిపోతుంది. వెన్న బదులు మార్గరిన్, చక్కెర కాస్త తక్కువ, పెరట్లో కాసిన ఆపిల్. యుద్ధకాలపు ఈ పొదుపు వంట ఇంటింటికీ పాకింది. 1954లో రేషన్ పూర్తిగా ఎత్తేసినా జనం దీన్ని వదల్లేదు. జర్మన్లు కేకుల మీద చల్లే స్ట్రాయిజెల్, అమెరికన్లు ఓట్స్ కలిపి చేసే క్రిస్ప్ దీనికి దగ్గరి చుట్టాలు.

నలిపిన పిండి, తీపి, కొవ్వు కలిసిన రుచి రాయలసీమకు కొత్తది కాదు. పీర్ల పండుగకు పల్లెల్లో చేసే మలీద అలాంటిదే. రొట్టెను వేడి మీదే చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి పట్టించి ముద్దలు కడతారు. బేకరీ రుచులూ ఇక్కడివారికి ఏనాటి నుంచో తెలుసు. హిందూపురానికి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్ల దూరం. హాసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్లు బెంగళూరులో బేకరీలు పెట్టి పేరుతెచ్చిన దిల్‌పసంద్, వెన్న బిస్కెట్టు సరిహద్దుకు ఇవతలి ఊళ్లకూ అలవాటయ్యాయి. నోట్లో వేసుకోగానే పొడిపొడిగా విడిపోయే ఆ వెన్న బిస్కెట్టు వెనకాల ఉన్న కిటుకే క్రంబుల్ వెనకాలా ఉంది.

పొడి కుదిరే తీరు

గోధుమపిండిలో నీళ్లు పోసి పిసికితే అందులోని మాంసకృత్తులు ఒకదానికొకటి అల్లుకుని గ్లూటెన్ అనే సాగుడు పదార్థం తయారవుతుంది. చపాతీకి అది కావాలి, క్రంబుల్‌కు వద్దు. అందుకే పిండికి నీళ్ల కంటే ముందు కొవ్వు పట్టిస్తారు. చల్లటి వెన్న ముక్కలను పిండిలో వేసి వేళ్ల కొసలతో నలుపుతుంటే పిండి రేణువుల చుట్టూ కొవ్వు పొర ఏర్పడి, తేమను లోపలికి పోనివ్వదు. గ్లూటెన్ బలపడదు. కాల్చినప్పుడు గట్టి పలక కట్టకుండా గుల్లగుల్లగా విడిపోయే పలుకులు వస్తాయి. అరచేత్తో పిసికితే మాత్రం ఆ వేడికి వెన్న కరిగి మొత్తం ముద్దవుతుంది. వేళ్ల కొసలతోనే నలపమని చెప్పేది ఇందుకే.

ఈ ప్రాంతంలో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ధర్మవరంలో పగటి ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. వెన్న ఫ్రిజ్‌లోంచి తీసిన కాసేపటికే జారిపోతుంది. చల్లటి దేశపు పుస్తకం చూసి మధ్యాహ్నం పూట మొదలుపెడితే చేతికి జిగురు ముద్దే మిగులుతుంది. తెల్లవారుజామున చేసుకోవడం ఒక మార్గం. వెన్నను ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, కొబ్బరి కోరినట్టు పిండిలోకి కోరుకోవడం ఇంకా మంచి మార్గం. గిన్నె, పిండి కూడా అరగంట ఫ్రిజ్‌లో పెడితే మరీ మేలు. నెయ్యీ వాడవచ్చు. అంగడి వెన్నలో కొవ్వు 80 శాతం దాకా ఉంటుంది, మిగతాదాంట్లో ఎక్కువ నీరే. నెయ్యి దాదాపు మొత్తం కొవ్వే. కాబట్టి 75 గ్రాముల వెన్నకు 60 గ్రాముల నెయ్యి చాలు. నెయ్యితో వచ్చే పొడి కాస్త సన్నగా ఉంటుంది కానీ వాసనకు దానికి సాటి లేదు. ఇంట్లో చిలికిన వెన్నయితే అందులోని మజ్జిగ నీటిని గట్టిగా పిండేయాలి.

రాగిపిండి ఈ వంటకానికి బాగా నప్పుతుంది. దానిలో గ్లూటెన్ ఉండదు గనుక పలుకు మరింత గుల్లగా వస్తుంది. సంకటి తిని పెరిగిన నోటికి ఆ రుచి పరిచయమే. అయితే పూర్తిగా రాగిపిండే వాడితే పలుకు నిలవక ఇసుకలా రాలిపోతుంది. రెండు వంతుల గోధుమపిండికి ఒక వంతు రాగిపిండి సరిపోతుంది. రాగిపిండిని ముందుగా సన్నటి సెగ మీద వేయించి చల్లార్చుకుంటే పచ్చివాసన పోతుంది. పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచిన చెనక్కాయ విత్తనాలు చివర్లో కలిపితే పంటి కింద కరకరమంటాయి. ఓట్స్, బాదం వెతుక్కోవాల్సిన పనే లేదు.

హిందూపురం బెల్లం వ్యాపారానికి చాలాకాలంగా పేరున్న ఊరు. చక్కెర బదులు బెల్లం వేస్తే రంగు, రుచి రెండూ పెరుగుతాయి. కానీ బెల్లంలో తేమ ఉంటుంది, చక్కెర కంటే త్వరగా మాడుతుంది. ముద్ద బెల్లాన్ని సన్నగా తురిమి, పళ్లెంలో ఆరబెట్టి వాడాలి. ఓవెన్ వేడి చక్కెరకు పెట్టేదానికన్నా 10 డిగ్రీలు తగ్గించడం మంచిది.

ఏ పండు, ఎందుకు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుశనగనే నమ్ముకున్న రైతులు వరుస కరువుల తర్వాత డ్రిప్పు పైపులు వేసి తోటల వైపు మళ్లారు. చీనీ, అరటి, మామిడి, దానిమ్మ, బొప్పాయి విస్తారంగా పెరిగాయి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటిపండ్లతో ఒక ప్రత్యేక రైలు ముంబై రేవుకు వెళ్లింది, అక్కడి నుంచి ఓడలెక్కి విదేశాలకు చేరడానికి. అదే ఏడాది సెప్టెంబరు 9న దక్షిణ భారతంలోనే మొదటి కిసాన్ రైలు అనంతపురం నుంచి ఢిల్లీకి కదిలింది. దూరం పోయే సరుకు గట్టిగా, మచ్చ లేకుండా ఉండాలి. ఒత్తిడికి నలిగినవి, తొక్క చిట్లినవి, ఒక పూట ఎక్కువ మాగినవి ఊళ్లోనే ఉండిపోతాయి. వాటి రుచికి ఏ లోటూ ఉండదు, నిలవ ఉండే ఓపికే తక్కువ. క్రంబుల్ సరిగ్గా ఆ పండ్ల కోసమే ఉందనిపిస్తుంది. చెడిన భాగం కోసేసి మిగిలినది వాడుకుంటే బుట్ట అడుగున పడి కుళ్లాల్సిన పండు నలుగురి నోరు తీపి చేస్తుంది.

అన్ని పండ్లూ ఒకేలా పనికిరావు. కాల్చే పండులో పులుపు ఉండాలి, వేడికి మెత్తబడినా పూర్తిగా నీరు కాకూడదు. బ్రిటన్‌లో పుల్లటి బ్రామ్లీ ఆపిల్‌ను అందుకే ఎంచుకుంటారు. ఇక్కడ ఆ స్థానం తోతాపురి మామిడిది. దోరగా మాగిన తోతాపురిలో తీపి, పులుపు సమంగా ఉంటాయి, ముక్క చెదరదు. బాగా మాగిన బేనీషా రసమై కారుతుంది, దాన్ని ఊరికే తినడమే న్యాయం. జామపండు గింజలు తీసి వాడితే వాసన ఇల్లంతా కమ్ముతుంది. అరటి, సపోటాల్లో పులుపు లేదు కనుక నిమ్మరసం పిండాలి. బొప్పాయికీ అంతే. దానిమ్మ గింజల్ని కాల్చడం దండగ, వడ్డించేటప్పుడు పైన చల్లుకుంటే బాగుంటాయి.

ఈ ప్రాంతం మనసుపడే రెండు పండ్లు మాత్రం ఓవెన్‌కు లొంగవు. చీనీ రసాన్ని వేడి చేస్తే లిమోనిన్ అనే పదార్థం వల్ల చేదు తేలుతుంది. వానలు వెనకబట్టే వేళకు గుట్టల మీది నుంచి బుట్టలకెక్కి వచ్చే సీతాఫలానిదీ ఇదే కథ. దాని గుజ్జు వేడెక్కితే చేదెక్కుతుంది. ఈ రెండింటినీ పచ్చిగానే తినాలి.

కొలతలు, కాల్చే పద్ధతి

నలుగురికి సరిపడా చేయాలంటే తొక్క, టెంక తీసిన పండ్ల ముక్కలు 600 గ్రాములు కావాలి. పై పొడికి గోధుమపిండి 100 గ్రాములు, రాగిపిండి 50, వెన్న 75, బెల్లం తురుము 75, దంచిన చెనక్కాయ విత్తనాలు 40, చిటికెడు ఉప్పు. పిండి రెండు పాళ్లయితే వెన్న ఒక పాలు, తీపి ఒక పాలు అన్న లెక్క గుర్తుంటే ఎంతమందికైనా పెంచుకోవచ్చు. పండ్ల ముక్కలకు రెండు చెంచాల బెల్లం, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్, కొద్దిగా ఏలకుల పొడి పట్టించాలి. బెల్లం తగలగానే పండు రసం వదులుతుంది. కార్న్‌ఫ్లోర్ వేడికి ఉబ్బి ఆ రసాన్ని చిక్కబరుస్తుంది. అది వేయకపోతే అడుగున నీళ్లు నిలుస్తాయి.

ముక్కల్ని గాజు పాత్రలోనో స్టీలు గిన్నెలోనో రెండంగుళాల మందాన పరిచి, పొడిని వదులుగా చల్లాలి. అదిమితే లోపలి ఆవిరికి దారి ఉండదు. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు కాల్చాలి. పైభాగం ఎర్రబడి, అంచుల వెంట రసం బుడగలు చిక్కగా పగులుతుంటే దించే వేళ అయినట్టే. వెంటనే వడ్డించకూడదు. పావుగంట ఆగితే రసం గట్టిపడుతుంది, నాలుకా కాలదు.

మగ్గం, వంటిల్లు ఒకే కప్పు కింద ఉండే ధర్మవరం చేనేత ఇళ్లలో ఓవెన్‌కు చోటెక్కడిది? గ్యాసు పొయ్యి మీదే ప్రెషర్ కుక్కర్ అడుగున ఉప్పు పోసి, రింగు, విజిల్ తీసేసి, అందులో గిన్నె పెట్టి కేకులు చేయడం చాలామందికి తెలుసు. క్రంబుల్‌కు ఆ పద్ధతి యథాతథంగా పనికిరాదు. కుక్కర్లో వేడి కింది నుంచే వస్తుంది, పైభాగం ఎర్రబడదు. పైగా పండ్ల ఆవిరి మూతకు తగిలి చినుకులై పొడి మీద పడి మెత్తబరుస్తుంది.

రెండింటినీ విడివిడిగా వండితే ఈ చిక్కు తీరిపోతుంది. పండ్ల ముక్కల్ని మందపాటి గిన్నెలో మూత పెట్టకుండా చిన్న మంట మీద రసం చిక్కబడేదాకా ఉడికించాలి. పొడిని బెల్లం కలపకుండా బాణలిలో వేసి, సన్నటి సెగ మీద అట్లకాడతో మెల్లగా తిప్పుతూ పది పన్నెండు నిమిషాలు వేయించాలి. ఇక్కడ వెన్న కంటే నెయ్యే మేలు, కమ్మటి వాసన వచ్చేదాకా వేగనివ్వవచ్చు. దించాక, వేడి కాస్త తగ్గాక బెల్లం తురుము కలిపితే పలుకులకు అంటుకుంటుంది. తినబోయే ముందు పండు మీద పొడి చల్లుకోవాలి. ఓవెన్‌లో చేసినదానిలో పండు రసం పైకి పొంగి పొడి అంచుల్లోకి ఇంకి జీడిపాకంలా సాగే చోటు ఒకటుంటుంది. ఈ పద్ధతిలో అది రాదు. కరకరలో మాత్రం ఏ తేడా ఉండదు. కన్వెక్షన్ లేని మామూలు మైక్రోవేవ్ మాత్రం దీనికి పనికిరాదు. అందులో పొడి ఉడుకుతుందే గానీ ఎర్రబడదు.

బ్రిటన్‌లో దీన్ని వేడి కస్టర్డ్‌తో గానీ ఐస్‌క్రీమ్‌తో గానీ తింటారు. చల్లటి చిక్కటి మీగడ, లేదా కాచి సగానికి దించిన పాలు కూడా బాగా కుదురుతాయి. ఓళిగల మీద మామిడి రసం పోసుకునే ఇళ్లవారికి పులుపూ తీపీ కలిసిన ఈ జోడీ వెంటనే నచ్చుతుంది. కాల్చని పొడిని బెల్లం కలపకుండా డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే నెల దాకా చెడదు. చుట్టాలు వచ్చినప్పుడు బయట కరగనివ్వకుండా బెల్లం తురుము కలిపి, నేరుగా పండ్ల మీద చల్లి కాల్చవచ్చు. మిగిలిపోయిన క్రంబుల్ ఫ్రిజ్‌లో రెండు రోజులుంటుంది. పైపొర మెత్తబడితే మూత లేకుండా ఓవెన్‌లో పది నిమిషాలు వేడి చేస్తే మళ్లీ కరకరలాడుతుంది.