పల్లవి దాటితేనే పాట

కనుమ సాయంత్రం. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట ఖాళీ అవుతోంది. పదకొండు ఊళ్ల నుంచి భుజాల మీద వచ్చిన ఏకాదశ రుద్రుల ప్రభలు తమ తమ ఊళ్ల దారి పట్టాయి. గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక నది నీళ్లలోకి దిగినప్పుడు ‘అశ్శరభ శరభ’ అని కేకలు వేసిన గొంతులు ఇంకా బొంగురు వదల్లేదు. ఇప్పుడు ఆ గొంతులతోనే పాడాలి.

మీరు కూర్చున్నది మండువా లోగిట్లో, చాప మీద. నాలుగు పక్కలా వసారా, నడుమ మండువా, పైన మంచు. పళ్లెంలో ఆత్రేయపురం పూతరేకులు, అరిసెలు, జంతికలు. టీవీ కట్టేశారు. జట్లు ఎలా వెయ్యాలన్న తగువును పెద్దమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. వశిష్ఠ గోదావరి దాటి పాలకొల్లు, నరసాపురం నుంచి వచ్చిన కోడళ్లు, అల్లుళ్లు ఒక జట్టు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల వాళ్లు ఒక జట్టు. మీరు ఎటన్నది పెద్దమ్మ అడగలేదు, చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

అంత్యాక్షరి మొదలైంది. రూల్సు ఎవరూ చదివి వినిపించరు, అందరికీ తెలుసు. ఎదుటి జట్టు పల్లవి ఏ అక్షరం మీద ఆగితే ఆ అక్షరంతో ఎత్తుకోవాలి. గుణింతం పట్టింపు లేదు, ‘లే’ మీద ఆగితే ‘ల’తో పాడినా చెల్లుతుంది. ‘ణ’ వస్తే ‘న’, ‘ళ’ వస్తే ‘ల’. సున్నాతో ఆగితే ‘మ’. పది లెక్కపెట్టేలోగా నోరు తెరవకపోతే పాయింటు పోయినట్టే. పిల్లలు ఎనిమిది దాకా పరుగెత్తించి, తొమ్మిది దగ్గర మాత్రం సొంత జట్టు కోసం సాగదీస్తారు.

మూడు చుట్లు తిరిగేసరికి అవతలి జట్టు కుట్ర బయటపడింది. వాళ్లు పాడే ప్రతి పాటా ‘ల’ మీదే ఆగుతోంది. మనవైపు లాలి పాటలు అయిపోయాయి. పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుంది.

“పద్యం చెల్లుతుందా?”

“చెల్లదు పెద్దమ్మా, సినిమా పాటలే.”

“మేం బళ్లో పద్యాలతోనే ఆడేవాళ్లమమ్మా. చెల్లదంటే ఎలా?”

ఒప్పుకోక తప్పలేదు. ఆవిడ దాశరథీ శతకం అందుకుంది. కంచర్ల గోపన్న ఆ శతకానికి పెట్టుకున్న మకుటం ‘ధీ’తో ముగుస్తుంది. పద్యం ఏదైనా కానీ, అవతలివాళ్లు ‘ధ’తో మొదలుపెట్టాలి. ఒకటి, రెండు, మూడు. వశిష్ఠ అవతలి జట్టులో చడీచప్పుడూ లేదు. పాత బడిపిల్లలకు ఇది తెలిసిన అస్త్రమే. వేమన పద్యం చదివితే ఎదుటివాడికి ‘మ’ దక్కుతుంది, అది సులువు. సుమతి శతకం ‘త’ ఇస్తుంది. నరసింహ శతకం, కాళహస్తీశ్వర శతకం ‘ర’ ఇస్తాయి. శత్రువు మీద పగ ఉంటే మాత్రం దాశరథీ శతకమే.

ఈ గోలంతా విని నవ్వుతున్నది టోక్యో అల్లుడు. మన దేశపు కుటుంబాలు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో కాపురం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

“జపాన్‌లో ఇదే ఆట ఉందండి. షిరితొరి అంటారు. మాటలతో ఆడతారు, పాటల పేర్లతోనూ ఆడతారు. పాడక్కర్లేదు, పేరు చెబితే చాలు.”

“పాడకుండా పాటల ఆటేంటి అల్లుడుగారూ?” పెద్దమ్మకు నమ్మకం కుదరలేదు. “సరే, ఆడి చూపించండి.”

ఆయన వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు. ‘ఫురుసాతో’, 1914 నాటి బడిపాట. ‘తో’తో ‘తోక్యో బుగివుగి’, యుద్ధం ముగిశాక కసాగి షిజుకో పాడి జనాన్ని గంతులేయించిన పాట. ‘గి’తో ‘గిజాగిజా హాతో నో కోమొరిఉతా’, 1983లో చెకర్స్ బృందం పాడింది. ‘తా’తో ‘తబిదాచి నో హి ని’, బళ్లలో వీడ్కోలు రోజున పిల్లలంతా కలిసి పాడేది. ‘ని’తో ‘నిజి’. ‘జి’తో నకజిమా మియుకి 1975లో పాడిన ‘జిదాయ్’. ‘ఇ’తో ‘ఈ హి తబిదాచి’, 1978లో యమగుచి మొమొయె పాట. ‘చి’తో 1996 నాటి ‘చెరీ’, స్పిట్జ్ బృందానిది.

పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. మీకు ఒక్క రాగమూ తెలియదు, అయినా గొలుసు ఎక్కడ ఎక్కడికి తగులుకుందో చెవికి తెలిసిపోయింది. తెలుగులాగే జపనీసులోనూ మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతోనే ఆగుతుంది కాబట్టి అక్షరం చేతికి దొరుకుతుంది. ఇంగ్లిష్ పాటల పేర్లతో ఇంత తేలిగ్గా ఆడలేం.

“ఇందులో ఓడిపోవడం ఎలా?” అడిగాడు చిన్నమావయ్య.

“ఒకే ఒక్క గొయ్యి ఉందండి. పేరు ‘న్’తో ఆగితే ఆట పోయినట్టే. ఆ అక్షరంతో జపనీసులో మాట మొదలవదు. 2018లో యొనెజు కెన్షి పాడిన ‘లెమన్’ అక్కడ ఇంటింటా మోగింది. ‘రె’ పడిందని ఆశగా దాన్ని అన్నారా, అయిపోయారు.”

మీరు గమనించారా? వాళ్లను ముంచే సున్నాయే మనల్ని గట్టెక్కిస్తుంది. మన ఆటలో సున్నా ‘మ’ అయిపోతుంది, ‘మ’ పాటలకు మనకు కరువు లేదు.

ఇక తెలుగు పాటల పేర్లతో ఆడదామని పిల్లలు పట్టుబట్టారు. మొదటి పాప ‘నాటు నాటు’ అంది. ఎవరికీ అభ్యంతరం లేదు. చంద్రబోస్ రాసి, గోదావరి అవతలి గట్టున కొవ్వూరులో పుట్టిన కీరవాణి స్వరపరిచిన ఆ పాట 2023 మార్చిలో ఆస్కార్ అందుకుంది. సినిమా అంతకుముందు అక్టోబరులోనే జపాన్ థియేటర్లకు చేరింది. ‘టు’ వచ్చింది, అవతలివాళ్లు ఏదో పేరు చెప్పి బయటపడ్డారు. రెండో చుట్టులో చిన్నమావయ్య 1964 నాటి ‘మూగమనసులు’ నుంచి దాశరథి రాసిన గోదారి గట్టు పాట పేరు చెప్పాడు. తగువు అక్కడ పుట్టింది. పేరు రెండు మాటల దగ్గర ఆగుతుందా, పాదం చివరిదాకా వెళుతుందా? రెంటికీ వచ్చేది ‘ద’యే, అయినా ఒకరు ఔనంటారు, ఒకరు కాదంటారు.

ఈ తగువు తెగదు, ఎందుకంటే మన పాటకు విడిగా పేరు లేదు. జపాన్‌లో కవి పాట రాసి, దానికో పేరు పెడతాడు. ఆ పేరు పాటలో ఒక్కసారీ వినిపించకపోవచ్చు. మన దగ్గర పల్లవి మొదటి మాటలే పేరు. గ్రామఫోను రికార్డుల మీద అచ్చయిందీ అవే, ఇప్పుడు ఫోన్లో వెతికేదీ అవే. పేరు చెప్పడమంటే మనకు సగం పాడడమే. అందుకే మన ఆట నోరు మూసుకుని ఆడలేం.

“అయితే మైకు తెండి,” అంది పెద్దమ్మ. “ఆయ్, తెచ్చానండి!” అంటూ మేనల్లుడు సంచిలోంచి బ్లూటూత్ మైకు తీశాడు. ఫోన్లో కరోకే ట్రాక్ పెట్టాడు.

కరోకే కూడా జపాన్ నుంచి వచ్చిందే. 1967లోనే టోక్యోలో నెగిషి షిగెయిచి అలాంటి పెట్టె ఒకటి తయారుచేశాడు. దాన్ని బార్లకు అలవాటు చేసింది కోబె నగరంలో వాద్యాలు వాయించుకునే ఇనొవె దైసుకె. ఒక కంపెనీ పెద్దమనిషి తన ప్రయాణంలో పక్క వాద్యానికి రమ్మంటే, వెళ్లడం కుదరక ఆయన టేపు మీద వాయించి పంపాడు. ఆ పెద్దమనిషి దాంతోనే పాడుకుని మురిసిపోయాడు. 1971లో ఇనొవె కారు స్టీరియోకు మైకూ, నాణేల పెట్టే తగిలించి పదకొండు యంత్రాలు చేయించి బార్లకు అద్దెకిచ్చాడు. పేటెంటు తీసుకోలేదు. 2004లో ఆయనకు ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు, మనుషులు ఒకరినొకరు ఓర్చుకోవడం నేర్పాడని.

ఇక్కడా ఓర్పు కావాల్సి వచ్చింది. పెద్దమ్మ సుశీల పాట ఎంచుకుంది. పల్లవి అద్భుతంగా పాడింది, చప్పట్లు. చరణం రాగానే గొంతు ఆగింది. మాటలు రావు. తెర మీద చూసి చదువుదామంటే తెలుగు పాట ఇంగ్లిష్ అక్షరాల్లో పరుగెడుతోంది. పైగా శ్రుతి ఎక్కువ. జపాన్ యంత్రాల్లో శ్రుతి పెంచుకునే, తగ్గించుకునే మీట ఉంటుందని అల్లుడుగారు చెబుతూనే ఉన్నారు, ఈలోగా ట్రాక్ వెళ్లిపోయింది.

తర్వాత చిన్నమావయ్య, తర్వాత కోడళ్లు, తర్వాత పిల్లలు. అందరిదీ అదే కథ. ఇందాక వరసపెట్టి పాటలు కురిపించిన ఇల్లు ఒక్కటీ నిండా పాడలేకపోయింది.

తప్పు గొంతులది కాదు, ఆటది. అంత్యాక్షరి మనకు వందల పల్లవులు కంఠతా పట్టించింది, పల్లవి దగ్గరే ఆగడమూ అలవాటు చేసింది. కానీ ఆత్రేయ గుండె కోసిందీ, వేటూరి ఒకే మాటతో రెండు అర్థాలు పలికించిందీ, సిరివెన్నెల ప్రశ్నలు సంధించిందీ ఎక్కువగా చరణాల్లోనే. ‘పాడుతా తీయగా’ వేదిక మీద బాలసుబ్రహ్మణ్యం 1996 నుంచి ఏళ్ల తరబడి పిల్లల చేత చరణంలో ప్రతి మాటా సరిగ్గా పలికించింది అందుకే. కరోకే మన లోటు చూపించింది, అంతకంటే మేలు ఏ యంత్రమూ చెయ్యదు.

కాబట్టి వచ్చే సంక్రాంతికి మీ ఇంట్లో ఆట మొదలయ్యే ముందు ఒక్క రూలు మార్చండి. పల్లవి ఎత్తుకున్నవాళ్లు ఒక చరణం కూడా పూర్తిచేయాలి, ఆఖరి అక్షరం ఆ చరణం చివరి నుంచే తీసుకోవాలి. చరణాలు రాకపోతే పిల్లల చేత ముందే తెలుగు అక్షరాల్లో రాయించి పెట్టుకోండి. పాటలు తక్కువ వస్తాయి, పోనివ్వండి. వచ్చినవి నిండుగా వస్తాయి.